2024–25 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. ఎప్పటిలాగే ఇందులో ఏ సభ్యుడి పేరూ, ఏ కొట్టు పేరూ ఉండవు. కాగితం ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు ఎక్కడ పెడుతున్నారో చూసుకుని పెట్టండి. పోయినేడు ఒకరి కాగితం ఇస్త్రీ బట్టల మూటలో దొరికి, ఆ ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు.

చీరలు, గాజులు తామే వేసుకోవాలనుకునే మగవాళ్ళు ఎక్కువగా ఉన్న సంఘం మనది, ఆశయాలు మీకు తెలిసినవే. పోయిన సమావేశంలో ఎక్కువ మంది అడిగింది ఒక్కటే. చీరో, జాకెట్టో, గాజులో మన కోసం మనం కొనుక్కోవడానికి పోతే, కొట్లో పనిచేసేవాళ్ళ ముందు చెమటలు పట్టకుండా ఉండే దారేదైనా చూడమన్నారు. ఆన్‌లైన్లో తెప్పించుకుంటే పోలా అని ఒకరిద్దరన్నారు. పార్సిళ్ళన్నీ అత్తగారే విప్పే ఇంట్లో ఆ సలహా చెల్లదు. పైగా బట్ట వేళ్ళ మధ్య నలిపి చూస్తే తప్ప తెలియదు. అందుకని ఏడాదంతా ఈ పని మీదే తిరిగాం. తిరిగాం అంటే నేను, కోశాధికారి, కూకట్‌పల్లి సభ్యుడు. మార్కెట్ కమిటీకి చెయ్యెత్తిన మిగతా ఐదుగురూ ఏమైపోయారో వాళ్ళే చెప్పాలి.

సుల్తాన్ బజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, చార్మినార్ పక్కన లాడ్ బజార్. చిన్న మ్యాచింగ్ సెంటర్ల నుంచి నాలుగంతస్తుల షోరూముల దాకా చూశాం. ముందుగా తేలిన సంగతి ఇది: "ఎవరికి సార్?" అని సేల్స్‌మన్ అడిగేది అనుమానంతో కాదు. వయసెంత, పెళ్ళికా ఇంట్లోకా, ఎంతలో, రంగేమిటి అన్నవి తెలిస్తే ఏ అరలోంచి తీయాలో అతనికి తెలుస్తుంది. మనం మాత్రం స్టేషన్‌లో ఎస్సై అడిగినట్టు బిగుసుకుపోయి, ఒక అబద్ధం ఆడి, దాని వెనక పది ఆడతాం. "మా ఆవిడకి" అంటే "మేడం రంగేంటి సార్, పొడుగెంత, ఫోటో ఉంటే చూపించండి" అంటాడు. మన సభ్యుడొకరు లేని చెల్లెలికి పెళ్ళి కుదిర్చి, ముహూర్తం కూడా చెప్పి, అరగంట బేరమాడారు. "అమ్మాయిని ఒకసారి పంపండి సార్, జాకెట్టు కొలతలు కూడా తీసేద్దాం" అనేసరికి చీర అక్కడే వదిలేసి బస్సెక్కారు. మంచి గద్వాల చీర అట.

మన పెద్దాయనకి ఈ బాధ లేదు. పద్యనాటకాల్లో నలభై ఏళ్ళు స్త్రీ పాత్రలు వేసినవారు. "నాటకానికి బాబూ" అంటారు, కొట్లో కుర్చీ వేస్తారు, టీ వస్తుంది. స్థానం నరసింహారావు గారికి 1956లో, వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో పద్మశ్రీ ఇచ్చిన దేశం ఇది. ఇద్దరినీ తెలుగు జనం సత్యభామగానే తలుచుకుంటారు. స్టేజీ దిగాక అదే చీర కట్టుకుంటే ఏమంటారో మీకు వేరే చెప్పక్కర్లేదు. సరే, పెద్దాయనని చూసి ఇద్దరు కుర్ర సభ్యులు కూడా "నాటకానికి" అన్నారు. "ఏ నాటకం సార్, ఎక్కడ, మా అమ్మకి పద్యాలంటే ప్రాణం, రెండు పాసులిప్పించండి" అన్నాడట కొట్టు అబ్బాయి. ఒక్క పద్యమూ రానివాళ్ళు ఆ మాట వాడకుండా ఉంటేనే మేలు.

ఏడాది చివరికి మాకు కుదిరిన పద్ధతి చెబుతాను. "నాకే" అనాలి. మామూలు గొంతుతో, చెప్పులో పంచో కొంటున్నట్టు. మేం ముగ్గురం అలా అన్న కొట్లలో ఒకచోట నవ్వారు, ఒకచోట పై అంతస్తు నుంచి ఇంకో కుర్రాణ్ణి పిలిచి చూపించారు, ఒక పెద్ద కొట్లో సెక్యూరిటీ అతను మెట్ల దాకా వెనకే వచ్చాడు. మిగతా చోట్ల ఒక్క క్షణం ఆగి, "బడ్జెట్ ఎంత సార్" అన్నారు.

ఆడపిల్లల మాట కూడా రాయాలి. ఒక కొట్టు యజమాని దయవల్ల నలుగురు సేల్స్ గర్ల్స్‌తో భోజనం వేళ కూర్చుని మాట్లాడాం. వాళ్ళు చెప్పింది విన్నాక మా కూకట్‌పల్లి సభ్యుడు చాలాసేపు మాట్లాడలేదు. మగాళ్ళు ఆడబట్టలు కొనడం వాళ్ళకు వింత కాదు. బాధల్లా ఇన్నర్స్ కౌంటర్ దగ్గర నిలబడి, ఏమీ తెలియనట్టు నటించి, సైజుల మాటలు వాళ్ళ నోటితో చెప్పించుకుని ఆనందించే రకంతోనే. "వాళ్ళు వేరు, మీరు వేరు అని మాకెట్ల తెలుస్తది సార్?" అని ఒకమ్మాయి అడిగింది. జవాబు చెప్పలేకపోయాం. అందుకని సభ్యులకు గట్టిగా చెబుతున్నాను. కొలతలు ఇంట్లోనే టేపుతో తీసుకుని, చీటీ మీద అంగుళాల్లో రాసుకుని, చీటీ చేతికివ్వండి. ఛాతీ కింద చుట్టు, ఛాతీ మీద చుట్టు, భుజం, చంక చుట్టు, నడుం. కౌంటర్ దగ్గర కథలు వద్దు, ఫోన్ బయటికి తీయొద్దు, కొన్నాక నిలబడొద్దు. ఆ పిల్లలు పొద్దున పదిన్నర నుంచి రాత్రి షట్టరు దించేదాకా నిలబడే ఉంటారు. కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. మేం చూసిన కొట్లలో స్టూలు క్యాషియర్‌కే ఉంది.

ట్రయల్ రూమ్ విషయంలో మనలో మనకే గొడవ ఉంది, దాచను. ఆడవాళ్ళ ట్రయల్ రూమ్‌కి మనం వెళ్ళకూడదని నా అభిప్రాయం, కార్యవర్గంలో ఎక్కువ మందిదీ అదే. స్త్రీలుగానే బతుకుతున్న మన ముగ్గురు సభ్యులు దీనికి ఒప్పుకోరు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది, వాళ్ళది మన పరిస్థితి కాదు. కానీ మగవాళ్ళ ట్రయల్ రూమ్‌లోకి కుర్తీ తీసుకెళ్తుంటే ఆపిన కొట్లు మూడు తగిలాయి. దీన్ని మాత్రం ఒప్పుకోనక్కర్లేదు. ఆ గదిలో మనమే ఉంటాం, తలుపుకి గడియ ఉంటుంది, ఎవరికి ఇబ్బంది?

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన రోజు, జనవరి 19, ఆదివారం. సంక్రాంతి గిరాకీ అయిపోయి, కొట్టుకి సెలవు. పాత బజారులో మూడు తరాలుగా చీరల వ్యాపారం చేస్తున్న సేఠ్ గారు మన కోసం వెనక గుమ్మం తెరిచారు. ఆరు నెలలు వెంటపడితే ఒప్పుకున్నారు. ఫోటోలు వద్దన్నారు, కొనాలన్న బలవంతం లేదన్నారు, పనివాళ్ళలో ఇష్టమైనవాళ్ళే వస్తారన్నారు. పద్నాలుగు మంది పేరిచ్చారు, తొమ్మిది మంది వచ్చారు. రాని ఐదుగురి టిఫిన్ సెక్యూరిటీ తాతకి ఇచ్చాం.

మొదటి పావుగంట ఎవరూ పరుపు ఎక్కలేదు. చెప్పులు విప్పి గోడవారన నిలబడ్డారు. అప్పుడు సీనియర్ సేల్స్‌మన్ ఒక కంచి చీర మడత విప్పి, మామూలుగా రోజూ చేసే పనే చేశాడు. లేచి నిలబడి, చొక్కా మీదే చెంగు ఒకటి ప్యాంటు బెల్టులో దోపి, చుట్టూ తిప్పి, వేళ్ళ మధ్య ఆరు కుచ్చిళ్ళు పోసి, పైట భుజాన వేసుకుని, అంచు కనపడేట్టు ఇటు తిరిగాడు. జేబులో పెన్ను, మెడలో ట్యాగు, నుదుట కుంకుమ. "చూడండి సార్, పల్లూ ఇలా వస్తుంది." ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని అన్నాడు. సీజన్లో రోజుకి నలభై యాభై సార్లు కడతాడట, ఎదురుగా పెళ్ళివారంతా కూర్చుని ఉంటారు. మనమంతా చిన్నప్పటి నుంచీ అమ్మ పక్కన కూర్చుని చూసిన దృశ్యమే. మీసాలున్న మనిషి చీర కట్టి నిలబడితే చూసి బాగుంది, బాగాలేదు అన్నారే గానీ ఆ కొట్లో ఎవరూ నవ్వడం నేనెరగను. ఇన్నేళ్ళలో ఈ సంగతి నా బుర్రకి తట్టలేదు.

తర్వాత పరుపు మీద చోటు చాలలేదు. వరంగల్ వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన సభ్యుడు జీవితంలో మొదటిసారి కొట్లో చీర భుజాన వేసుకున్నారు. ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ మనిషి. సేల్స్‌మన్ కాళ్ళ వైపు చూసి, "పన్నా చాలదు సార్. లంగా బొడ్డు కిందికి కట్టండి, 42 పొడుగుది తీసుకోండి, 38 వేస్తే మడమలు కనిపిస్తాయి" అన్నాడు. అంతే, బట్ట గురించి మాటలు. భుజాలు వెడల్పున్నవాళ్ళకి రెడీమేడ్ జాకెట్టులో ఛాతీ సరిపోయినా చంక దగ్గర పట్టేస్తుందని, సాగే లైక్రా బట్ట అయితే నయమని, లేకపోతే రెండు జాకెట్టు ముక్కలు తీసుకుని కుట్టించుకోమని కింద మ్యాచింగ్ కౌంటర్ అమ్మాయి చెప్పింది. ఫాల్ కుట్టి ఇవ్వడానికి రెండు రోజులు అడిగింది.

గాజుల ఆవిడని కోశాధికారి లాడ్ బజార్ నుంచి తీసుకొచ్చారు. ఆవిడ కొలత అడగదు. చెయ్యి పట్టుకుని బొటనవేలు లోపలికి మడిచి, ఎముక దగ్గర నొక్కి చూసి చెబుతుంది. మనలో చాలామందికి రెండు పది పట్టలేదు, రెండు పన్నెండు. అంటే రెండంగుళాల మీద పదహారింట పన్నెండు వంతులు. మట్టిగాజుల్లో ఆ సైజు అన్ని రంగుల్లో దొరకదు, లక్కవైతే కొలతిచ్చి చేయించుకోవచ్చు. సబ్బునీళ్ళతో గాజులెక్కిస్తూ మా పెద్ద సభ్యుడితో ఆవిడ "చెయ్యి వదులుగా పెట్టమ్మా" అంది. ఎవరి చెయ్యి పట్టుకున్నా ఆవిడ అలాగే అంటుందేమో. ఆయన మాత్రం తల ఎత్తలేదు. డజను ఎక్కేదాకా అలాగే కూర్చున్నారు.

సేఠ్ గారు టీ ఇప్పించారు, డిస్కౌంట్ ఇవ్వలేదు. అందరు గిరాకీల్లాగే చూశారని నేను సంతోషించాను. కోశాధికారి సంతోషించలేదు.

ఇదే ఊపులో మిగతా వ్యాపారులకు కూడా ఒక ఉత్తరం పంపిద్దామని ఒక ప్రభుత్వ కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో దుకాణాల మాట స్పష్టంగా ఉంది, లింగం కారణంగా ఏ పౌరుణ్ణీ అక్కడికి రాకుండా ఆపకూడదు. ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన నల్సా తీర్పులో సుప్రీంకోర్టు ఆ లింగం అన్న మాటలో జెండర్ గుర్తింపు కూడా ఉందంది, దాన్ని వేషధారణలో చూపించుకోవడం భావప్రకటన స్వేచ్ఛ కిందికి వస్తుందంది. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం మూడో సెక్షన్‌లో వస్తువులు, సేవల దగ్గర వివక్ష కూడదని ఉంది. ఇవన్నీ ఒక పేజీలో టైపు చేయించి తీసుకెళ్ళాం. గుమాస్తా పేజీ చదవలేదు, "మీకు కార్డుందా?" అన్నాడు. కలెక్టరు ఇచ్చే ఆ గుర్తింపు పత్రం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి, మనలో ఎక్కువమంది అది అడిగేవాళ్ళం కాదు, సాయంత్రం చీర విప్పి లుంగీ కట్టుకుని భోంచేసేవాళ్ళం అని వివరించాం. "అయితే మీకేం సమస్య?" అన్నాడు. మూడోసారి వెళ్తే సార్ మీటింగులో ఉన్నారు, నాలుగోసారి సార్ బదిలీ అయ్యారు. ఆ పేజీ జిరాక్సులు నా దగ్గర అరవై ఉన్నాయి, కావాల్సినవాళ్ళు తీసుకెళ్ళండి.

జమాఖర్చులు. పాత నిల్వ రూ. 3,120. చందాలు 31 మందివి రూ. 18,600, విరాళాలు రూ. 7,400. హాలు అద్దె రూ. 9,600, టీ టిఫిన్లు రూ. 4,280, జనవరి కార్యక్రమం రూ. 5,750, జిరాక్సులు, ఆటోలు వగైరా రూ. 1,890. చేతిలో నిల్వ రూ. 7,600. రసీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ప్రశ్నలుంటే వారినే అడగగలరు.

కృతజ్ఞతలు. సేఠ్ గారికి, సెలవు రోజున వచ్చిన సీనియర్ సేల్స్‌మన్ గారికి, ఇద్దరు అమ్మాయిలకి, గాజుల ఆవిడకి. చంక దగ్గర కుట్టు విప్పి పట్టీ వేసి ఇచ్చే లేడీస్ టైలర్ గారికి, ఆయన మన జాకెట్లు పన్నెండు సరిచేశారు, నలుగురు ఇంకా డబ్బులివ్వలేదు. హాలు వాచ్‌మన్‌కి, మనం ఏ సంఘమో తెలిసీ ఎవరికీ చెప్పనందుకు. మన సభ్యులిద్దరి భార్యలకి, ఒకరు జనవరి 19న తానే వచ్చి అంచులు ఎంచిపెట్టారు, ఒకరు రాలేదుగానీ పులిహోర పంపారు. కోశాధికారికి, కూకట్‌పల్లి సభ్యుడికి. మార్కెట్ కమిటీలోని ఐదుగురికి వచ్చే ఏడాది చెబుతాను.

కార్యదర్శి పదవికి ఎన్నిక ఈ సమావేశంలోనే ఉంది. రెండేళ్ళు చేశాను, చాలు. నామినేషన్లు నిన్నటిదాకా ఒక్కటీ రాలేదు. పోయినసారిలా నేను టీ చెప్పడానికి బయటికి వెళ్ళినప్పుడు నన్నే ఎన్నుకోవద్దని మనవి.

జనవరి 19న కొట్లో ఎవరో మర్చిపోయిన ఆకుపచ్చ మట్టిగాజులు, రెండు పన్నెండు సైజువి, డజను, మా ఇంట్లో బియ్యం డబ్బా వెనక ఉన్నాయి. మా ఆవిడ రెండుసార్లు అడిగింది. ఎవరివో వాళ్ళు సమావేశం అవగానే పట్టుకెళ్ళగలరు.

ఇట్లు,
కార్యదర్శి