జిప్సీకి ముందు కమాన్లు, తర్వాతే సోకులు

పాడేరు

ఒరే సత్తిబాబూ,

నీ ఉత్తరం, ఫొటోలు అందాయి. 2006 మారుతి జిప్సీ జీపు, గుడ్డ కప్పున్న సాఫ్ట్ టాప్, కంప్యూటరే పెట్రోలు పోసే ఎంపీఎఫ్ఐ ఇంజను! కాలేజీ రోజుల నుంచీ అంటూనే ఉన్నావు, మొత్తానికి కొన్నావు. చాలా సంతోషంరా. మీ చెల్లెలు కూడా ఫొటోలన్నీ చూసి "అన్నయ్యగారిని ఆ ఆకుపచ్చ రంగు మాత్రం మార్చొద్దనండి" అంది. నా మాట కూడా అదే.

నువ్వు రాసిన లిస్టు చదివాను. బండిని రెండంగుళాలు పైకి లేపే లిఫ్ట్, 235 టైర్లు, ఇనప బంపరు, కూరుకుపోతే బండిని లాగే వించ్, పైన లైట్ల బారు. ఇవన్నీ ఆదివారం సరదాగా బయటికి తీసే బండికి పనికొస్తాయేమో గానీ, నీ సంగతి వేరు. మందుల పెట్టెలు వెనక వేసుకుని రోజూ మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలి. ఎక్కడో ఆవు ఈనలేక అవస్థ పడుతోందంటే రాత్రప్పుడైనా బయల్దేరాలి. తాళం తిప్పగానే స్టార్టు కావాలి, బ్రేకు తొక్కగానే ఆగాలి. అందుకని నీ దగ్గరున్న డబ్బు ముందు ఆ బండి కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలా చేయడానికి పెట్టు. నేను ఈ కొండల్లో జిప్సీ నడుపుతూ తేల్చుకున్నది ఇదే, నీకు గట్టిగా చెప్పాలనుకున్నదీ ఇదే.

జిప్సీ బలమంతా దాని బరువు తక్కువలో ఉందిరా. సాఫ్ట్ టాప్ 985 కిలోలే, టన్ను కూడా లేదు. ఇంజను 1298 సీసీ, 80 గుర్రాల శక్తి. పెద్ద డీజిల్ బళ్ళు కూరుకుపోయిన బురదలో ఇది తేలిగ్గా దాటేస్తుంది. అలాంటి బండికి ఇనప బంపరు, దాని మీద వించ్ బిగిస్తే ముందు యాక్సిల్ మీద డెబ్భై, ఎనభై కిలోలు అదనంగా పడతాయి. కమాన్లు (బండి బరువు మోసే ఇనప పట్టీల కట్టలు) కుంగుతాయి, స్టీరింగ్ బరువెక్కుతుంది, పవర్ స్టీరింగ్ ఎలాగూ లేదు. వించ్ బదులు మంచి టో తాడు ఒకటి, దాన్ని తగిలించే ఇనప కడియాలు (షాకిల్స్) రెండు, చిన్న పార ఒకటి పెట్టుకో. తాడు ఎప్పుడూ ఛాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి, బిగించిన హుక్కుకే కట్టాలి. బంపరుకి కడితే అది ఊడి వచ్చి మనిషికి తగులుతుంది, ప్రాణాల మీదికి వస్తుంది.

అన్నిటికంటే ముందు స్టీరింగ్ సంగతి చూడాలి. అరవై దాటితే చక్రం వణుకుతోందని రాశావు, అది చదివి నాకు టెన్షన్ వచ్చింది. మీ మెకానిక్ స్టీరింగ్ డాంపర్ మార్చేస్తే సరిపోతుందన్నాడా? అప్పుడే ఒప్పుకోకు. డాంపర్ వణుకును అణచిపెడుతుంది గానీ, అసలు లూజు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ముందు టైర్లు బ్యాలెన్సింగ్ చేయించు. తర్వాత స్టీరింగ్ కడ్డీల చివరి కీళ్ళు, అదే టై రాడ్ ఎండ్లు చూపించు. ఆ తర్వాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడు. ఊగుతోందా? ఇప్పుడు ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపు. లూజు పోయిందంటే వీల్ బేరింగ్. అయినా ఊగుతోందంటే కింగ్ పిన్ బేరింగులు, అంటే చక్రం పక్కకి తిరిగే కీలు దగ్గరివి. ఈ వయసు బండిలో ఎక్కువగా అవే పోతాయి. చక్రం వెనకాల ఉన్న గుండ్రటి నకిల్ దగ్గర గ్రీజూ గేరాయిలూ కలిసి కారుతుంటే లోపలి ఆయిల్ సీలు కూడా పోయినట్టే. బేరింగులకని ఎలాగూ విప్పుతారు కాబట్టి రెండు వైపులా సీళ్ళు ఆ పనిలోనే మార్పించేయి.

కమాన్ల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదువు. జిప్సీ ఎగిరెగిరి పడుతుందని అందరూ అంటారు. నాలుగు వైపులా కమాను పట్టీలే కదా, కారులా మెత్తగా ఎలా ఉంటుంది? కానీ నువ్వు పడుతున్న ఎగురుడులో సగం కంపెనీ ఇచ్చింది కాదు. పట్టీల మధ్య తుప్పు పట్టి ఒకదాని మీద ఒకటి జారడం మానేస్తాయి. కమాన్ల చివర ఉండే రబ్బరు బుష్‌లు ఎండి రాయిలా అయిపోతాయి. కమాన్లు దింపించి, పట్టీలు విడదీసి, తుప్పు గీకించి, గ్రాఫైట్ గ్రీజు రాయించు. చివర్లలో నైలాన్ ముక్కలు పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, దొరికితే అవీ వేయించు. విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ల పని చేసేవాళ్ళు వరసగా ఉంటారు. అక్కడే ఒక పూట కూర్చుని చేయించుకుంటే మేలు. బుష్‌లు మాత్రం ఒరిజినల్‌వే కొను. ఇంకొకటి: కమానును ఛాసిస్‌కి కలిపే షాకిల్ బోల్టులు బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించనివ్వకు. చక్రాలు నేల మీద ఆని, బండి తన బరువు మీద నిలబడ్డాకే బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి కొద్ది నెలల్లోనే చిరిగిపోతుంది. తొందరలో చాలామంది జాకీ మీదే కానిచ్చేస్తారు, నువ్వు దగ్గరుండి చూసుకో. ఇదంతా అయ్యాక మంచి గ్యాస్ షాకబ్జార్లు వేయిస్తే నీకు లిఫ్ట్ అక్కర్లేదు. కుంగిన కమాన్లు సరిగ్గా నిలబడితే చాలు, అంగుళం ఎత్తు అదే వస్తుంది.

టైర్ల లెక్క చెబుతాను. కంపెనీ సైజు 205/70 ఆర్15, అంటే టైరు ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. నువ్వంటున్న 235/75 వేస్తే 733 దాటుతుంది, దాదాపు పది శాతం పెద్దది. టాప్ గేరు ఘాట్‌లో ఇక ఎందుకూ పనికిరాదు, బ్రేకుకి పని పెరుగుతుంది, ముందు యాక్సిల్ జాయింట్ల మీద భారం పడుతుంది, స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. మధ్యలో 215/75 ఉంది, 703 మిల్లీమీటర్లు. బండి కింద పదిహేడు మిల్లీమీటర్లు ఎత్తు పెరుగుతుంది, ఇంజను మోయగలదు. నా బండికి తారుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ రకంలో అవే ఉన్నాయి. బురదలో గాలి పద్దెనిమిది పీఎస్ఐకి దింపితే టైరు వెడల్పై పట్టు దొరుకుతుంది. తారు రోడ్డెక్కగానే మళ్ళీ నింపుకోవాలి, సీటు కింద చిన్న పన్నెండు వోల్టుల కంప్రెసర్ ఒకటి పెట్టుకో.

లైట్ల బారు బదులు నీకు నిజంగా పనికొచ్చేది హెడ్‌లైట్ రిలే కిట్, అంటే స్విచ్చి వేయగానే బ్యాటరీ కరెంటును నేరుగా బల్బుకి పంపే సరంజామా. పాత వైరింగు, స్విచ్చి కాంటాక్టుల గుండా వచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది. మల్టీమీటరు పెట్టి చూస్తే, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర పద్నాలుగు దాకా ఉన్నా నా బండిలో బల్బు దగ్గర పన్నెండు కూడా రాలేదు. రిలేలు పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు వేయించాక అదే 60/55 హాలోజన్ బల్బు కొత్తదానిలా వెలిగింది. ఎక్కువ వాట్ల బల్బుల జోలికి పోకు, హోల్డర్లు కరుగుతాయి. లంబసింగి వైపు పొగమంచులో తెల్లటి ఎల్ఈడీ వెలుగు తిరిగి మన కళ్ళల్లోకే కొడుతుంది. కింద బంపరు దగ్గర రెండు పసుపు ఫాగ్ లైట్లు చాలు.

ఇంజను వెచ్చబడేదాకా రేడియేటరుకి నీళ్ళు పోకుండా ఆపే థర్మోస్టాట్ ఉందో లేదో చూసుకో. వేడెక్కుతుందన్న భయంతో చాలాచోట్ల దాన్ని తీసి పారేస్తారు. అది లేకపోతే ఇంజను వెచ్చబడదు, ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు ఎక్కువ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. మైలేజీ ఎనిమిదికి పడిపోయిందన్నావు కదా, ముందు అదే చూపించు. నాది ఈ కొండల్లో లీటరుకు పది, పదకొండు ఇస్తోంది. రేడియేటరు విప్పించి రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ పెట్టి పాచి తీయడం) చేయించు, కూలంట్ పోయించు, బోరు నీళ్ళు వద్దు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో పాత ఓనరుకి తెలియదన్నాడు కాబట్టి మార్చలేదనే అనుకుని కొత్తది వేయించేయి.

మీ వాగులు, మా గెడ్డలు దాటేవాళ్ళకి చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని ఒకటుంది. యాక్సిళ్ళ మీద గాలి ఆడే చిన్న రంధ్రాలు, అదే బ్రీదర్లు ఉంటాయి. దూరం నడిచి వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుదించుకుని, బ్రీదరు నుంచో సీళ్ళ నుంచో నీళ్ళు పీల్చుకుంటుంది. ఆ బ్రీదర్లకి రబ్బరు గొట్టాలు తగిలించి పైకి, ఇంజను గదిలోకి తెప్పించు. వానాకాలం అయ్యాక గేరాయిల్ ఒకసారి దింపి చూడు. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్ళు చేరినట్టే, వెంటనే మార్చాలి. ఫోర్ వీల్ నెలకోసారైనా మట్టి రోడ్డు మీద వేసి నడుపు, లోపల ఆయిలు ఆడుతుంది. పొడి తారు మీద మాత్రం ఎప్పుడూ వేయకు. ముందు వెనక యాక్సిళ్ళ మధ్య వాటిని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు, మలుపు తిరిగేటప్పుడు మొత్తం బిగుసుకుపోతుంది.

బ్రేకాయిల్ రెండేళ్ళకోసారి మార్పించు. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, ఘాట్ దిగేటప్పుడు వేడికి మరిగి పెడలు మెత్తగా దిగిపోతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు, ఇది నీకు తెలిసిందే. సీట్లు, పాటల సిస్టం నీ ఇష్టం, వాటి గురించి నేనేమీ చెప్పను.

కాగితాల విషయం మరిచిపోకు. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి ఫిట్‌నెస్ చూపించి ఆర్సీ అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. ముందు తగిలించే బుల్ బార్లను కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దంది. ఇన్‌స్పెక్షన్ రోజున తిప్పలు పడే బదులు అలాంటివి పెట్టకపోవడమే నయం.

చివరగా, ఫొటోల్లో వెనక చక్రాల పైన లోపలి వైపు తుప్పు కనిపించింది. టింకరింగ్ వాడికి అడ్వాన్సు ఇచ్చేముందు రబ్బరు మ్యాట్లు ఎత్తి ఫ్లోరు చూడు. స్క్రూడ్రైవర్ పిడితో ఛాసిస్ వెనక భాగం పొడుగునా కొట్టుకుంటూ పో, మోత మారిన చోటల్లా సుద్దతో గీత పెట్టు. తుప్పు పూర్తిగా తీయకుండా దాని మీదే నల్ల కోటింగ్ కొట్టిస్తే లోపల్లోపల తినేస్తూనే ఉంటుంది. ఆ గీతలు కనిపించేలా ఫొటోలు తీసి పంపు. వెల్డింగ్‌తో పోయేదో, ప్లేటు మార్చాల్సిందో చూసి చెబుతాను. కింగ్ పిన్ బేరింగులు, సీళ్ళు అక్కడ దొరక్కపోతే వైజాగ్‌లో తీసుకుని బస్సులో పంపిస్తాను, డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
రాజు