మతం పేరుతో ఓటడిగితే చట్టం ఏం చేస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

అభ్యర్థి మతం చూసి ఓటెయ్యొచ్చా అన్న చర్చ ఎన్నికలొచ్చినప్పుడల్లా మీ ఉత్తరాల శీర్షికలో నడుస్తోంది. అందులో రెండు సంగతులు కలగాపులగం అవుతున్నాయి. ఓటరు ఏం ఆలోచించి మీట నొక్కాడో ఏ చట్టమూ ఆరా తీయదు, తీయకూడదు కూడా. కట్టడి ఉన్నది అడిగేవాడికి. 'నేను ఫలానా మతస్థుణ్ణి, నాకెయ్యండి' అన్నా, 'అతను ఫలానా మతం, అతనికి వెయ్యొద్దు' అన్నా 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం అవినీతి చర్యే. రుజువైతే గెలిచిన ఎన్నిక రద్దవుతుంది, ఆపైన ఆరేళ్ల వరకు అనర్హత పడవచ్చు.

1987లో ముంబైలోని విలే పార్లే ఉప ఎన్నికలో గెలిచిన రమేశ్ ప్రభు, మతం పేరుతో ఓట్లడిగినందుకు ఆయన ఎన్నిక చెల్లదని 1995 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆయన తరఫున ప్రసంగాలు చేసిన శివసేన అధినేత బాల్ ఠాక్రే, తాను పోటీలో లేకపోయినా, ఆరేళ్లు ఓటు హక్కు పోగొట్టుకున్నారు. విచిత్రమేమిటంటే అదే రోజు అదే కోర్టు శివసేన నేత మనోహర్ జోషీ ఎన్నికను నిలబెట్టింది. తొలి హిందూ రాష్ట్రం మహారాష్ట్రలో ఏర్పడుతుందని జోషీ అనడం ఆశ మాత్రమేనని, ఓటు అడిగినట్టు కాదని అంది. ఈ తేడా నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంతకీ చట్టం చెప్పే మతం ఎవరిది, అభ్యర్థిదా, ఓటరుదా? అభిరాం సింగ్ కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం 2017 జనవరి 2న 4–3 మెజారిటీతో తేల్చింది. ఓటర్ల మతాన్ని గుర్తుచేసి అడిగినా తప్పేనంది. ఆ నలుగురిలో మన తెలుగువారు జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఒకరు. విభేదించిన ముగ్గురి మాట కూడా కొట్టిపారేసేది కాదు. మతం వల్లో కులం వల్లో వివక్షకు గురైనవాళ్లు ఆ బాధను ఎన్నికల్లో చెప్పుకోకుండా నోరు నొక్కకూడదన్నారు. 'మా పేటకు శ్మశానానికి జాగా లేదు, తెస్తాను' అంటే అది హామీ. 'మనోడిని, గెలిపించుకోండి' అంటే అందులో మతం తప్ప ఏమీ లేదు.

ఊళ్లలో ఇంతకన్నా ముదిరిన పని ఇంకోటి ఉంది. కవరు చేతిలో పెట్టి దేవుడి పటం మీదో, బైబిల్ మీదో, ఖురాన్ మీదో ప్రమాణం చేయించుకోవడం. మాట తప్పితే దేవుడి ఆగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించడం 123(2) కింద అనుచిత ప్రభావం, డబ్బు లంచం. ఒక్క దెబ్బకు రెండు నేరాలు. ఆ ఒట్టుకు భయపడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనబడి పెట్టెలో పడిపోతుంది, చూసేది మీరొక్కరే. ఇక గుడి, మసీదు, చర్చి ప్రాంగణంలో ప్రచారం పెడితే ప్రవర్తనా నియమావళి ఉల్లంఘనతో ఆగదు. ప్రార్థనా స్థలాన్ని రాజకీయానికి వాడుకుంటే 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టంలో 5 ఏళ్ల వరకు జైలు, 10 వేల వరకు జరిమానా ఉన్నాయి.

ఫిర్యాదు చేసేవాళ్లు తప్పటడుగు వేసేది సాక్ష్యం దగ్గర. ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్, ఫోన్‌లో దాచిన వీడియో తీసుకోదు, వాట్సాప్‌లో వచ్చిందీ తీసుకోదు. ఘటన జరిగే చోటే యాప్ తెరిచి రెండు నిమిషాల లోపు తీసి, ఐదు నిమిషాల్లో పంపాలి. 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది లెక్క. అయితే సీ-విజిల్ ఫిర్యాదుతో ఎన్నిక రద్దు కాదు. దానికి ఫలితం ప్రకటించిన 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. ఓడిన అభ్యర్థే వేయాలని లేదు, ఆ నియోజకవర్గ ఓటరెవరైనా వేయొచ్చు. డిపాజిట్ 2 వేలు. ఒక్కరోజు ఆలస్యమైనా మన్నింపు లేదు. ఎవరు, ఎక్కడ, ఏ తేదీన, ఏమన్నారో విడివిడిగా రాసి ఫారం 25లో ప్రమాణపత్రం జతచేయాలి. వీడియో ఇస్తే 2023 సాక్ష్య చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్ రెండు భాగాలూ కావాలి. ఒకటి వీడియో దాఖలు చేసేవారిది, రెండోది నిపుణుడిది.

ఇన్నీ ఉన్నా ఎక్కువ కేసులు వీగిపోయేది 'సమ్మతి' దగ్గరే. మతపెద్ద పిలుపునిచ్చాడు సరే, అభ్యర్థికో అతని ఎన్నికల ఏజెంటుకో తెలిసి ఇచ్చాడని చూపాలి. క్రిమినల్ కేసు స్థాయి రుజువు అడుగుతారు. నామినేషన్ వేయకముందు చేసిన ప్రసంగాలు అసలు లెక్కలోకే రావు, ఎందుకంటే చట్టం దృష్టిలో అప్పటికి అతను అభ్యర్థి కాడు. ప్రచార నిపుణులకు ఈ సందు బాగా తెలుసు. ఆరు నెలల్లో విచారణ ముగించేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది. పైన చెప్పిన అభిరాం సింగ్ వివాదం మాత్రం 1990 శాంతాక్రూజ్ ఎన్నికది. ఏడుగురి తీర్పు వచ్చేసరికి 27 ఏళ్లు.

అభ్యర్థి మతాన్ని చట్టమే అడిగే చోటు ఒకటుంది. ఎస్సీ రిజర్వుడు స్థానం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. ఎస్టీ స్థానాలకు ఈ షరతు లేదు. కేరళలోని దేవికుళం ఎస్సీ స్థానంలో 2021లో గెలిచిన ఎ. రాజా ఎన్నికను, ఆయన క్రైస్తవుడన్న కారణంతో హైకోర్టు 2023లో రద్దు చేస్తే, సుప్రీంకోర్టు 2025లో పునరుద్ధరించింది. ఈ నిబంధన ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. అది ఉన్నంతవరకు ఆక్షేపణ ఉన్నవాళ్లు దాన్ని నామినేషన్ల పరిశీలన రోజున రిటర్నింగ్ అధికారి ముందు కాగితాలతో పెట్టాలి, మైకుల్లో కాదు.

ఇక అభ్యర్థులందరూ దాఖలు చేసే ఫారం 26 అఫిడవిట్‌లో మతం గడి లేదు. పెండింగ్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, ప్రభుత్వ క్వార్టర్‌లో ఉండి ఎగ్గొట్టిన అద్దె, కరెంటు, నీటి బకాయిలు ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా తీసి చదువుకోవచ్చు.

– ఒక న్యాయవాది, గుంటూరు