పసుపు చీటీలతో ఫైలు కదలదు

సంపాదకుడి గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఫొటో చూశాను. గోడకు పెద్ద చార్టు, దాని నిండా పసుపు చీటీలు, ముందు నవ్వుతూ అధికారులు. 'లీన్' అనే ఫ్యాక్టరీ పద్ధతిలో ఆఫీసు పనికి మ్యాప్ గీసి వృథాను పట్టేశారట. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు.

విశాఖలో ఫ్యాక్టరీ సూపర్‌వైజరుగా ఈ మ్యాపులు నేనూ గీశాను. ఏసీ హాల్లో కూర్చుంటే వచ్చేవి కావవి. పెన్సిలు, స్టాప్‌వాచ్ పట్టుకుని, సరుకు బయటికెళ్లే గేటు దగ్గర మొదలెట్టి వెనక్కి నడవాలి. ఎక్కడ పని ఎంతసేపు, ఎక్కడ ఎంత కుప్ప పడి ఉందో కళ్లతో చూసి రాసుకోవాలి. కుప్పకు త్రికోణం గుర్తు. అడుగున మెట్ల గీత: ఎదురుచూపు పైమెట్టు, అసలు పని కిందిమెట్టు. ఇక్కడేమో సెక్షన్ పెద్దలు నోటితో చెప్పారు, కంప్యూటర్ కుర్రాడు గీశాడు. తన బల్ల మీదే ఫైలు నిద్రపోతోందని ఏ పెద్దమనిషి చెబుతాడండీ?

అందుకే మా మనవరాలి నివాస ధ్రువపత్రం వెంట నేనే తిరిగాను. ఆఫీసు పేరు రాయను, మళ్లీ అక్కడికే వెళ్లాలి కదా. కౌంటర్లో 4 నిమిషాలు. రిజిస్టర్లో 6, అదే మళ్లీ కంప్యూటర్లో 6. ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) గారి విచారణ, టీతో కలిపి 10. సంతకానికి 2. మొత్తం 28 నిమిషాలు. మిగతా కాలమంతా విరిగిన కుర్చీలో, ఎర్ర తాడు కట్టిన కట్టలో. నేను లెక్కపెట్టిన రోజు అందులో 61 దరఖాస్తులున్నాయి. ఆర్.ఐ. దగ్గరికి గురువారమే పంపుతారట. ఎందుకంటే, "ముందు నుంచీ అంతే బాబూ" అన్నాడు ప్యూను.

17వ రోజు కాగితం చేతికొచ్చింది. వరలక్ష్మి కాస్తా బరలక్ష్మి! ఒడియా రాతలో 'వ' కూడా 'బ'గానే పడుతుంది; మా 'వ'కు ఈ గతి మేం ఒడిశాలో కలిసిన 1936 నుంచీ ఉన్నదే. మళ్లీ మొదటి నుంచి, ఇంకో 9 రోజులు. ఈలోగా హాస్టల్ గడువు దాటిపోయింది. ఈ లీన్ పుట్టింది టయోటాలో. ఆ వంశానికి మూలపురుషుడు టొయోడా సకిచి 1924లో తెచ్చిన మగ్గం, పోగు తెగితే దానంతటదే ఆగిపోయేది. ఇక్కడ పేరే తెగినా మగ్గం ఆడుతూనే ఉంటుంది, ముద్ర కూడా పడిపోతుంది.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మా జిల్లాలోదే. ఆగస్టు 29న దండ వేసి వాడుక భాష గురించి ఉపన్యాసాలిస్తాం. మిగతా రోజుల్లో ఒడియా ఫారం నింపిపెట్టమని గుమ్మం దగ్గర కూర్చున్న మనిషికి 50 రూపాయలిస్తాం. ఈ 50 ఏ పసుపు చీటీ మీద రాశారో?

కలెక్టరు గారు ఒక్క దరఖాస్తు చేతపట్టుకుని, ఫొటోగ్రాఫరు లేకుండా, గది గదికీ నడవాలని మనవి. స్టాప్‌వాచ్ కావాలంటే నాది ఇస్తాను.

– ఒక విశ్రాంత సూపర్‌వైజరు, గజపతి జిల్లా, ఒడిశా