ఆ నోట్‌బుక్ ఏమైంది? అంతర్జాతీయ అభివృద్ధి సహకార మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. విదేశాల్లో మన శాఖ సాయంతో నడిచే ప్రాజెక్టుల్లో చాలా ఏళ్లు పనిచేశాను. కొత్త ప్రాజెక్టులకు నిధులు ఖరారు చేసేలోపు ఒక్క విషయం మీ దృష్టికి తేవాలని రాస్తున్నాను: ఒక ప్రాజెక్టులో నేర్చుకున్నది తర్వాత వచ్చేవాళ్లకు అందడం లేదు.

నేను పనిచేసిన ఒక తాగునీటి ప్రాజెక్టులో చేతిపంపులు రిపేరు చేసే మెకానిక్ దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. ఏ పంపులో వాషర్ ఎన్ని నెలలకు అరుగుతోంది, ఎక్కడ నీళ్లతో పాటు ఇసుక వస్తోంది, ఎండాకాలంలో ఏ పంపు నీళ్లు రంగు మారుతున్నాయి, అన్నీ పెన్సిల్‌తో రాసుకునేవారు. పేజీల అంచులనిండా గ్రీజు మరకలు. గడువు ముగిసింది, ఆఫీసు ఖాళీ చేశాం. రెండేళ్ల తర్వాత ఇంకో సంస్థ వచ్చి అదే చోట మొదటి నుంచి సర్వే మొదలుపెట్టింది. ఆ నోట్‌బుక్ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మా తుది నివేదికలో దాని ఊసే లేదు. ఆ నివేదిక రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అక్కడ పోయింది డబ్బు, సమయం. బంగ్లాదేశ్‌లో ప్రాణాలే పోయాయి. పిల్లల్ని విరేచనాల నుంచి కాపాడాలని 1970ల నుంచి అక్కడ పెద్ద ఎత్తున గొట్టపు బావులు వేశారు. ఉద్దేశం మంచిదే. పక్కనే ఉన్న పశ్చిమ బెంగాల్‌లో, అలాంటి బావుల నీళ్లు తాగినవాళ్ల చర్మం మీద మచ్చలకు కారణం ఆ నీళ్లలోని ఆర్సెనిక్ అనే విషపదార్థం అని 1983లోనే తేలింది. 1987 నాటికి అక్కడి వైద్యులు బంగ్లాదేశ్ నుంచి వచ్చిన రోగులను కూడా చూశారు. బంగ్లాదేశ్ బావుల్లో ఆర్సెనిక్ ఉందని నిర్ధారణ అయింది మాత్రం 1993లో. ఆ పదేళ్లూ కొత్త బావులు పడుతూనే ఉన్నాయి. రెండు వైపులా అదే డెల్టా, అదే బెంగాలీ భాష. అయినా కబురు దాటలేదు. తర్వాత లక్షల బావులను పరీక్షించి, ప్రమాదకరమైన వాటికి ఎరుపు, మిగతావాటికి ఆకుపచ్చ రంగు వేయాల్సి వచ్చింది.

కబురు దాటించడం ఎలాగో కూడా అదే దేశం చూపించింది. 1980 నుంచి పదేళ్ల పాటు బ్రాక్ అనే అక్కడి స్వచ్ఛంద సంస్థ మహిళా కార్యకర్తలు కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు వెళ్లి, విరేచనాలైన బిడ్డకు పట్టాల్సిన నీళ్లు కలపడం నేర్పారు. మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. తల్లి చేతే కలిపించేవారు. కొన్నాళ్లకు వేరేవాళ్లు వెళ్లి కొందరు తల్లులను అడిగి చూసేవారు. తల్లులకు ఎంత బాగా గుర్తుంటే కార్యకర్తకు అంత ఎక్కువ డబ్బు. ఈ ఒక్క నిబంధన మీద నాకు చెప్పలేనంత గౌరవం.

మన దగ్గర నివేదిక సమర్పిస్తే బిల్లు పాసవుతుంది. దాన్ని ఎవరైనా చదివారా అని అడిగేవాళ్లు లేరు. ప్రపంచ బ్యాంకు తాను ‘విజ్ఞాన బ్యాంకు’ కావాలని 1996లో ప్రకటించుకుంది. 2014లో సొంత పరిశోధకులే లెక్క తీస్తే, పరిశీలించిన నివేదికల్లో దాదాపు మూడో వంతు ఒక్కసారి కూడా డౌన్‌లోడ్ కాలేదని తేలింది. ఆ లెక్క దాచుకోకుండా బయటపెట్టారు, అది మెచ్చుకోవాలి. మన శాఖ కూడా అలాంటి లెక్క తీయించాలని కోరుతున్నాను.

ఇంకో కోరిక. నేర్చుకున్నది స్థానిక భాషలో అప్పగించి, ఏడాది తర్వాత వెళ్లి ఎవరికి ఏం గుర్తుందో అడిగాకే చివరి విడత చెల్లించేలా ఒప్పందాలు మార్చండి. విఫలమైన పనులను రాసే చోటు కూడా అందులో ఉండాలి. కెనడాలోని ఇంజనీర్స్ వితౌట్ బోర్డర్స్ అనే స్వచ్ఛంద సంస్థ 2008 నుంచి తమ వైఫల్యాల మీదే నివేదికలు ప్రచురించింది. మా ఫీల్డ్ సిబ్బందికి మాత్రం తప్పు రాస్తే వచ్చే ఏడాది ఫండింగ్ ఆగిపోతుందన్న టెన్షన్. ఆ భయం పోవాలంటే హామీ మీ నుంచే, రాతపూర్వకంగా రావాలి.

ఆ మెకానిక్ ఇప్పటికీ అక్కడే పంపులు బాగుచేస్తున్నారు. తాగునీటి పథకాల తదుపరి సమీక్షకు ఆయన్ని పిలిపించండి, పక్కన ఒక దుబాసీని కూర్చోబెట్టండి. నోట్‌బుక్ ఇంకా ఉంటే వెంట తెచ్చుకోమని నేనే కబురు పెడతాను.

భవదీయుడు,
ఒక మాజీ ఫీల్డ్ అధికారి