సంతకానికి ముందే సభ్యుల ఓటు

సంపాదకుడు గారికి,

వేతన ఒప్పందం మీద నాయకులు సంతకాలు పెట్టేసి వస్తారు. అందులో ఏముందో మాకు గేట్ మీటింగ్‌లో, చప్పట్ల మధ్య తెలుస్తుంది. ఎవరైనా లేచి లెక్క అడిగితే, ఐక్యత దెబ్బతింటుందని, యాజమాన్యానికి అలుసైపోతామని కూర్చోబెడతారు. చందా కట్టే సభ్యుడిగా ఈ మాట వినీ వినీ విసుగొచ్చి రాస్తున్నాను.

అమెరికా కార్ల పరిశ్రమ కార్మికుల సంఘం యూఏడబ్ల్యూ సంగతే చూడండి. దశాబ్దాల పాటు అక్కడ అధ్యక్షుణ్ని మహాసభ ప్రతినిధులే ఎన్నుకునేవారు. ఒకే వర్గం తన మనుషులను గెలిపించుకునేది. అడిగేవాడు లేకపోవడంతో యూనియన్ డబ్బు విల్లాలకూ, గోల్ఫ్‌కూ, చుట్టలకూ పోయింది. ఇద్దరు మాజీ అధ్యక్షులకు జైలు శిక్ష పడింది. ఆ కేసుల తర్వాత 2021లో సభ్యులనే అడిగితే, 60 శాతానికి పైగా నేరుగా ఓటు కావాలన్నారు. అలా సభ్యులే నేరుగా ఓటేసిన అధ్యక్ష ఎన్నికలో 2023లో షాన్ ఫెయిన్ 500 ఓట్ల లోపు మెజారిటీతో గెలిచాడు. మన నాయకుల లెక్క ప్రకారం ఆ సంఘం నిలువునా చీలిపోవాలి. కానీ అదే ఏడాది మూడు పెద్ద కార్ల కంపెనీల్లో ఒకేసారి సమ్మె చేసింది, అంతకుముందెన్నడూ అలా చేయలేదు. నాలుగున్నరేళ్లలో 25 శాతం మూలవేతన పెంపు సాధించింది. ఆ ఒప్పందాలను సభ్యులు ఓటేసి ఒప్పుకున్నాకే ఖాయం చేశారు. జనరల్ మోటార్స్‌లో సుమారు 55 శాతమే సరేనన్నారు. మిగతావాళ్లకు నచ్చలేదని తెలియడం కూడా వచ్చే బేరానికి పనికొచ్చేదే.

ఓటు ఇవ్వగానే అన్నీ చక్కబడవు, నిజమే. ఆ ఎన్నిక తొలి విడతలో ఓటేసినవారు పదిమందిలో ఒకరికి కాస్త ఎక్కువ, అంతే. ఏళ్ల తరబడి నోరు మూయిస్తే అడిగే అలవాటే పోతుంది. ఆ అవినీతి కేసుల తర్వాత సంఘం మీద కోర్టు నియమించిన పర్యవేక్షకుడు 2024లో ఫెయిన్ మీదా విచారణ మొదలుపెట్టాడు. అది జరగాల్సిందే.

అసలు చిక్కు పోటీలో ఉంది. పదవిలో ఉన్నవాడి చేతిలో యూనియన్ పత్రిక, ఆఫీసు, సభ్యుల చిరునామాలు ఉంటాయి. ఎదుటివాడు జేబులోంచి కరపత్రం వేయించుకున్నా ఎవరికి పంపాలో తెలియదు. అమెరికాలో 1959 నాటి చట్టం దీన్ని గుర్తించింది: అభ్యర్థి ఖర్చు పెట్టుకుంటే అతని కరపత్రాన్ని సంఘమే సభ్యులకు పంపాలి, సంఘం నిధులతో ఎవరికీ ప్రచారం చేయకూడదు. రహస్య ఓటు సరేసరి.

ఇందుకు చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, యూనియన్ నిబంధనావళి మార్చుకుంటే చాలు. వచ్చే ఒప్పందం ముసాయిదా కనీసం వారం ముందు ప్రతి సభ్యుడి చేతికి అందాలి, రహస్య ఓటింగ్ జరగాలి, ఆ తర్వాతే సంతకం. ఈ సవరణను రాబోయే జనరల్ బాడీలో చర్చకు పెట్టాలని కార్యవర్గాలను కోరుతున్నాను.

– ఒక యూనియన్ సభ్యుడు