అవినీతి రక్తంలో ఉంటుందా అండీ?

సంపాదకుడు గారికి,

అవినీతి సూచీ మీద పోయిన వారం మీరు వేసిన వ్యాసం చదివిన రోజే రాద్దామనుకున్నాను. కోపం కాస్త చల్లారాక రాస్తే మంచిదని ఆగాను, చల్లారలేదు. కొన్ని దేశాల వాళ్లకి నిజాయితీ పుట్టుకతోనే వస్తుందట, మిగతా వాళ్లకి లంచం రక్తంలోనే ఉందట. అలాగైతే తినేవాడి తప్పేముంది పాపం, వాడి రక్తం అలాంటిది!

ముందు ఆ సూచీ సంగతి. ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఏటా దేశాలకి వేసే మార్కులే ఆ సూచీ, మార్కులు ఎక్కువైతే అవినీతి తక్కువని లెక్క. 2024లో డెన్మార్క్‌కి 100కి 90, దక్షిణ సూడాన్‌కి 8, వ్యాసమంతా ఈ రెండు అంకెల మీదే నడిపించారు. అది నిపుణులూ వ్యాపారులూ ఏమనుకుంటున్నారో చెబుతుంది, ఎవడెంత మింగాడో చెప్పదు. జర్మనీకి అందులో ఎప్పుడూ మంచి మార్కులే. అదే జర్మనీలో 1999 దాకా కంపెనీలు విదేశీ అధికారులకి ఇచ్చిన లంచాన్ని ఖర్చు కింద చూపించి పన్ను తగ్గించుకునేవి, అదీ చట్టప్రకారమే. పుచ్చుకున్న దేశానికి చెడ్డపేరు, ఇచ్చిన దేశంలో పన్ను రాయితీ. బాగుందండీ లెక్క.

నిజానికి మీ రచయిత వాదానికి పనికొచ్చే ఉదాహరణ ఒకటుంది, ఆయన వదిలేశారు కాబట్టి నేనే చెబుతాను. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తలు కారు ఎక్కడ పడితే అక్కడ ఆపి, జరిమానా కట్టకపోయినా ఒకప్పుడు అడిగే దిక్కు లేదు. ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ చలానాలు లెక్క తీస్తే కువైట్ వాళ్లు తలకి వందల్లో ఎగ్గొట్టారు, స్వీడన్, నార్వే వాళ్లవి సున్నా. వీధి ఒకటే, వెసులుబాటు ఒకటే. చూశారా, రక్తమే అంటారు. ఆగండి. 2002 చివర్లో, కట్టని వాళ్ల కార్లకి దౌత్య నంబర్ ప్లేట్లు పీకేస్తామన్నారు. ఎగవేతలు 98 శాతం పడిపోయాయి. ప్లేటు పోతుందంటే రక్తం శుభ్రపడుతుందన్నమాట!

హాంకాంగ్ తీసుకోండి. 1960ల్లో, 70ల మొదట్లో అక్కడ రోగిని ఎత్తుకెళ్లడానికి అంబులెన్స్ వాళ్లకి 'టీ డబ్బులు' ఇవ్వాలి, ఇల్లు కాలుతున్నా ఫైరింజను వాళ్లకి ముందు చేయి తడపాలి. 1973లో పీటర్ గాడ్‌బర్ అనే పెద్ద పోలీసు అధికారి ఆస్తుల మీద దర్యాప్తు జరుగుతుండగానే, పోలీసు పాసు చూపించి విమానాశ్రయంలోంచి దర్జాగా ఇంగ్లండ్ చెక్కేశాడు. జనం రోడ్డెక్కారు. 1974లో అవినీతిని పట్టుకోవడానికి పోలీసులతో సంబంధం లేని విడి సంస్థ పెట్టారు, గాడ్‌బర్‌ని వెనక్కి తెచ్చి జైల్లో వేశారు. 1977లో పోలీసులు ఎదురు తిరిగితే పాత చిల్లర నేరాలు మాఫీ చేయాల్సి వచ్చింది, అంటే అదీ సాఫీగా జరగలేదు. అయినా కొన్నేళ్లలో ఊరు మారింది. జనం వాళ్లే, భాష అదే. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని ఊరికే అనలేదు పెద్దలు, ఎవరు ఎక్కడ దొరుకుతారన్నదే దేశానికీ దేశానికీ తేడా.

జీతాలు పెంచితే సరిపోతుందని కూడా రాశారు. సింగపూర్ మంత్రుల జీతాలు ప్రపంచంలోనే ఎక్కువ, అయినా ఈశ్వరన్ అనే మాజీ మంత్రి వ్యాపారుల దగ్గర కానుకలు పుచ్చుకుని 2024లో 12 నెలల శిక్ష తెచ్చుకున్నాడు. అక్కడ ప్రధాని వద్దన్నా అధ్యక్షుడు సరేనంటే దర్యాప్తు ఆగదు, అసలు కీలకం అది. మిగతా చోట్ల అవినీతిని పట్టుకునే వాడి బదిలీ, ప్రమోషన్ ఎవరి చేతుల్లో ఉంటాయి? వాడు పట్టుకోవాల్సిన వాళ్ల చేతుల్లోనే.

నా సొంత గొడవ ఒకటి చెప్పకుండా ఉండలేను. నా కాగితం మూడు నెలలుగా ఒక ఆఫీసులో ఒకాయన బల్ల మీద ఉంది, వెళ్లినప్పుడల్లా కనిపిస్తూనే ఉంటుంది, దాని మీద టీ గ్లాసు మరక కూడా పడింది. ఆయన వెనకాల గోడకి 'లంచం అడిగితే ఫిర్యాదు చేయండి' అని బోర్డు. ఫిర్యాదు తీసుకునే అధికారి ఎవరా అని కింద చూస్తే ఆయన పేరే! ఏడాదికోసారి అందరూ వరసగా నిలబడి నిజాయితీ ప్రతిజ్ఞ చేస్తారు, ఫొటో మీ పత్రికలోనే వస్తుంది.

పత్రిక అన్నాను కాబట్టి ఉగాండా మాట. 1991 నుంచి 95 దాకా అక్కడ బడులకి ప్రభుత్వం పంపిన గ్రాంటులో సగటున 13 శాతమే బడికి చేరింది. తర్వాత ఏ జిల్లాకి ఎంత పంపారో నెలనెలా పత్రికల్లో వేయించడం, బడి గోడల మీద అంటించడం మొదలుపెట్టారు. 2001కల్లా 80 శాతం పైన చేరింది. అందుకు కారణం ఆ అచ్చు ఒక్కటే అనను, కానీ అచ్చు లేకుండా అయ్యేది మాత్రం కాదు.

మీరేమో ఏటా ర్యాంకు వేసి, రెండు రోజులు బాధపడి, వదిలేస్తారు. ఎవరికి ఎంత మంజూరైంది, ఎంత చేరింది అని నెలకోసారి ఒక్క పేజీ వేయండి. నాయకుల పుట్టినరోజు ప్రకటనలకి నాలుగేసి పేజీలు దొరుకుతున్నాయి కదా, అందులోంచి తగ్గించుకోండి.

ఇట్లు,
మీ పాత చందాదారు