తగ్గింది ధర కాదు, పెరిగే వేగం

సంపాదకులకు నమస్కారం.

ప్రతి నెలా 12న ద్రవ్యోల్బణం అంకె, అంటే ఏడాదిలో ధరలు ఎంత శాతం పెరిగాయన్న లెక్క వస్తుంది. అది కాస్త తగ్గితే చాలు, మర్నాడు 'దిగొచ్చిన ధరలు' అని శీర్షిక పడుతుంది. ఆ శీర్షిక తప్పు. ద్రవ్యోల్బణం 6 శాతం నుంచి 3 శాతానికి వచ్చిందంటే, ముందటేడు 100 రూపాయలున్న సరుకు నిరుడు 106 అయి, ఈ ఏడు 109 దాటిందని అర్థం. సంచి పట్టుకుని బజారుకెళ్లినవాళ్లు ఇచ్చుకునేది ఆ 109. ఇదేదో మాటల పట్టింపు అనుకోవద్దు. ఓటరు కోపం ఎక్కడ పుడుతుందో ఈ తేడాలోనే తెలుస్తుంది.

అమెరికా సంగతి చూడండి. అక్కడ 2022 జూన్‌లో 9.1 శాతానికి ఎగబాకిన ద్రవ్యోల్బణం, 2024 నవంబరు ఎన్నికల ముందు నెలకు 2.6 శాతానికి దిగింది. నిరుద్యోగం 4.1 శాతమే. ఈ రెండు అంకెలే చూస్తే అధికార పార్టీకి దిగులుండకూడదు, అయినా ఓడిపోయింది. ఎందుకంటే 2021 జనవరితో పోలిస్తే మొత్తం ధరలు 20 శాతం పైనే పెరిగాయి, మళ్లీ కిందికి రాలేదు. డజను గుడ్లు 2021 జనవరిలో సగటున 1.47 డాలర్లు. 2023 జనవరిలో 4.82. 2024 అక్టోబరులో 3.37. 2023 జనవరి అంకె పక్కన పెట్టి చూసే గణాంకవేత్తకు అది దిగిన ధర, నాలుగేళ్ల కిందటి ధర గుర్తున్న ఇల్లాలికి రెండింతలు దాటిన ధర. గుడ్ల ధర పెరగడానికి ప్రధాన కారణం బర్డ్ ఫ్లూ, అయినా నింద పడింది ప్రభుత్వం మీదే.

జీతాలూ పెరిగాయి కదా అంటారు. పెరిగాయి, సగటు గంట వేతనం అదే కాలంలో సుమారు 18 శాతం. అయితే హార్వర్డ్ ఆర్థికవేత్త స్టెఫానీ స్టాంచేవా 2024లో ప్రచురించిన సర్వేలో తేలిందేమిటంటే, జీతం పెరిగితే జనం దాన్ని తమ కష్టానికి ఫలితం అనుకుంటారు, ధరలకు సర్దుబాటు అనుకోరు. కష్టపడి తెచ్చుకున్న పెంపు సరుకుల కొట్లో హరించుకుపోతే కడుపు మండుతుంది.

ద్రవ్యోల్బణాన్ని లెక్కగట్టే ధరల సూచీలో కనపడని బరువు ఇంకొకటుంది, వడ్డీ. ధరలకు కళ్లెం వేయడానికి, 2022 మార్చిలో దాదాపు సున్నా దగ్గరున్న వడ్డీ రేటును అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2023 జూలైకి 5.25–5.50 శాతానికి చేర్చింది. 30 ఏళ్ల గడువుతో 3 లక్షల డాలర్ల ఇంటి రుణానికి 3 శాతం వడ్డీ అయితే నెలకు 1,265 డాలర్లు కట్టాలి. అదే 7 శాతమైతే 1,996. పాత రుణాలకు అక్కడ ఎక్కువగా స్థిర వడ్డీ కాబట్టి, ఈ దెబ్బ తగిలింది కొత్తగా ఇల్లు కొనబోయే వయసువాళ్లకు. 1983 నుంచి అక్కడి ధరల సూచీ సొంతింటి ఖర్చును వడ్డీతో లెక్కించదు, ఆ ఇల్లు అద్దెకిస్తే ఎంతొస్తుందన్న అంచనాతో లెక్కిస్తుంది. రోగానికి వేసిన మందే నొప్పి పెడుతున్నా థర్మామీటరులో కనపడదన్నమాట.

మన సూచీలోనూ ఈఎంఐ వడ్డీ లేదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో రేటు, అంటే బ్యాంకులకిచ్చే అప్పు మీద రిజర్వ్ బ్యాంకు తీసుకునే వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. 20 ఏళ్ల గడువుతో 6.75 శాతానికి 30 లక్షలు తీసుకుంటే ఈఎంఐ సుమారు 22,810 రూపాయలు. ఆ రెండున్నర శాతమూ కలిపి రేటు 9.25 అయితే తొలి నెల వడ్డీయే 23,125. పాత ఈఎంఐ వడ్డీకే చాలదు, అసలు ఒక్క రూపాయి తగ్గదు. చాలామందికి బ్యాంకులు గడువు పొడిగించి సరిపెట్టడంతో భారం వెంటనే తెలియలేదు.

అమెరికాలో జరిగిన మరో పొరపాటు, ఇచ్చిన చేత్తోనే తీసేసుకోవడం. 2021 జూలై నుంచి డిసెంబరు దాకా ఆరేళ్ల లోపు బిడ్డకు నెలకు 300 డాలర్ల వరకు, అంతకు పెద్ద పిల్లలకు 250 వరకు తల్లిదండ్రుల ఖాతాల్లో పడ్డాయి. చట్టసభ పొడిగించకపోవడంతో ఆగిపోయాయి. 2021లో 5.2 శాతమున్న బాలల పేదరికం 2022లో 12.4 శాతమైంది. సరిగ్గా ఆ ఏడాదే ధరలు భగ్గుమన్నాయి.

మెక్సికోలోనూ 2022లో ద్రవ్యోల్బణం 8 శాతం దాటింది. కానీ 2018లో రోజుకు 88.36 పెసోలున్న కనీస వేతనాన్ని 2024కి 248.93కి తీసుకెళ్లారు. 2024 జూన్‌లో పాలక పార్టీ అభ్యర్థి క్లాడియా షీన్‌బామ్ దాదాపు 60 శాతం ఓట్లతో గెలిచారు. వృద్ధుల పింఛన్ల వంటి కారణాలూ ఉన్నాయి గానీ, కూలి ధరను దాటి పరుగెత్తడమే ముఖ్యమని నా అభిప్రాయం. అదే ఏడాది బ్రిటన్‌లో కన్సర్వేటివ్‌లు అధికారం పోగొట్టుకున్నారు, జపాన్‌లో పాలక కూటమి దిగువ సభలో మెజారిటీ కోల్పోయింది.

అందుకే మీకు నా విన్నపం. ద్రవ్యోల్బణం వార్త వేసేటప్పుడు పక్కనే మరో రెండు అంకెలు వేయండి: ఐదేళ్లలో ధరలు మొత్తం ఎంత పెరిగాయి, అదే ఐదేళ్లలో వ్యవసాయ కూలి ఎంత పెరిగింది. గ్రామీణ కూలి రేట్లను కేంద్ర లేబర్ బ్యూరో ప్రకటిస్తూనే ఉంది. లెక్క కష్టమేమీ కాదు. ఈ నెల సూచీని ఐదేళ్ల కిందటి అదే నెల సూచీతో భాగించి, ఒకటి తీసేసి, నూరుతో గుణిస్తే చాలు. మధ్యలో ఆధార సంవత్సరం (సూచీని 100గా తీసుకునే ఏడాది) మారి ఉంటే మాత్రం పాత అంకెతో కొత్త అంకెను నేరుగా భాగించకూడదు. అలా చేస్తే ధరలు సగానికి సగం పడిపోయినట్టు కనపడవచ్చు. కొత్త సూచీని ప్రభుత్వమిచ్చే లింకింగ్ ఫ్యాక్టర్‌తో, అంటే కొత్త అంకెను పాత కొలతలోకి మార్చే సంఖ్యతో గుణించాకే పోల్చాలి.

— ఒక ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ